ఇప్ప చెట్టుకు పూత ఉంది, మొక్క ఏది?

క్లుప్తంగా: ఇప్పపువ్వుకు బజారులో కొత్త విలువ వస్తోంది. పువ్వు ఏరడం వల్ల చెట్టు కాపు తగ్గదు. అయితే ఏరడానికి వీలుగా చెట్టు కింద పెట్టే నిప్పు, నూనె కోసం ఊడ్చుకుపోయే గింజ, పశువుల మేత, ఈ మూడూ కలిసి లేత మొక్కలను బతకనివ్వడం లేదు. గింజ నిల్వ ఉండదు, మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి సాగు కూడా విస్తరించలేదు.

చాలాకాలం పాటు ఇప్పపువ్వు వార్తల్లోకి వచ్చిందంటే అది సారా బట్టీలపై దాడుల వార్తే అయ్యేది. ఇప్పుడు సందర్భం మారింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతోంది. 2025 మార్చి 30న ప్రధాని తన నెలవారీ రేడియో ప్రసంగంలో ఇదే జిల్లాకు చెందిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల ఇప్పపువ్వు వంటకాలనూ, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా మహిళలు చేస్తున్న కుకీలనూ ప్రస్తావించారు. అంతకు ముందే, 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా నుంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు ఫ్రాన్సుకు ఎగుమతి అయింది. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, దాని తయారీకి ప్రత్యేక విధానం తెచ్చింది.

గిరాకీ పెరిగితే చెట్లూ పెరగాలి. మామిడి, జీడిమామిడి విషయంలో అదే జరిగింది. ఇప్ప విషయంలో మాత్రం అడవిలోనూ పొలాల్లోనూ కనిపించేవి ఎక్కువగా ముదురు చెట్లే. వాటి నీడలో మోకాలెత్తు మొక్క కోసం వెతకాల్సి వస్తుంది. ఇది ఎందుకిలా ఉందో తెలియాలంటే ముందు ఆ చెట్టు పూసే తీరు, కాసే తీరు చూడాలి.

సపోటాకు చుట్టం

ఇప్ప శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. సంస్కృతంలో మధూకం, హిందీలో మహువా, తమిళంలో ఇలుప్పై. ఇది సపోటా కుటుంబానికి చెందిన చెట్టు. కొమ్మ విరిస్తే పాలు కారడం, ఆకులు రెమ్మల చివర గుత్తిగా చేరి ఉండడం, నున్నగా మెరిసే గోధుమరంగు గింజ, ఇవన్నీ ఆ చుట్టరికానికి గుర్తులు. సపోటాకు వేరుమూలంగా, అంటే అంటుకట్టేటప్పుడు వేళ్లనిచ్చే కింది మొక్కగా, ఇప్పను వాడి చూసిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. చివరికి ఆ పనికి అదే కుటుంబంలోని పాల చెట్టు మేలని తేలింది.

ఈ జాతిలో రెండు రకాలున్నాయి. వెడల్పాటి ఆకుల రకం మధ్య భారతం నుంచి ఉత్తర తెలంగాణ అడవుల దాకా విస్తరించింది. సన్నని, పొడవాటి ఆకుల రకం ఎక్కువగా దక్షిణాదిన, వాగుల ఒడ్డున, గుళ్ల దగ్గర కనిపిస్తుంది. మనకు ఆసిఫాబాద్, ఆదిలాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవుల్లో ఇప్ప బాగా పరిచయమైన చెట్టు. పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తు పెరుగుతుంది. రాతినేలను, వానలు ముఖం చాటేసిన ఏడాదిని తట్టుకుంటుంది. నీరు నిలిచే నేలను మాత్రం ఓర్వదు.

పోడు కొట్టేటప్పుడు మిగతా చెట్లన్నీ నరికినా ఇప్పను వదిలేయడం ఆదివాసీ గూడేల్లో పాత అలవాటు. అందుకే అడవి పోయిన చోట కూడా పంట చేల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఇప్ప చెట్లు కనిపిస్తాయి. చాలా ఊళ్లలో ఏ చెట్టు ఏ ఇంటిదన్నది కాగితం లేకుండానే తరతరాలుగా నడిచే లెక్క.

రాలేది పువ్వు మొత్తం కాదు

ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, కొత్త చిగురు ఇంకా రాకముందే, బోడి కొమ్మల చివర తుప్పురంగు నూగుతో మొగ్గల గుత్తులు వేలాడతాయి. ఒక్కో మొగ్గ నుంచి సన్నని కీలాగ్రం ముందుగా బయటికి పొడుచుకు వస్తుంది. పరాగం అందుకోవడానికి ఆడభాగం మొదట సిద్ధమవుతుందన్నమాట. ఆ తరువాతే మీగడరంగు దళాలు, లోపల కేసరాలు ముదురుతాయి. ఆ దళాలు విడివిడి రేకులుగా ఉండవు. ఒకదానికొకటి అతుక్కుని, కండపట్టి, చిన్న ద్రాక్షపండు లాంటి బుడ్డిగా ఉంటాయి.

రాత్రిపూట ఈ చెట్లకు గబ్బిలాలు వస్తాయి. తీపి కోసం అవి ఆ బుడ్డిని కొరికి లాగుతాయి, మూతికి అంటిన పుప్పొడిని పక్క చెట్టుకు మోసుకుపోతాయి. మిగిలిన దళాలు తెల్లవారుజామున వాటంతట అవే రాలుతాయి. నేల మీద పడిన ఇప్పపువ్వును చేతిలోకి తీసుకుని చూస్తే అడుగున గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది. కీలం ఉన్న చోటు అది. దళాల బుడ్డి కేసరాలతో సహా పూసలా జారి కింద పడింది, రక్షకపత్రాలూ అండాశయమూ కొమ్మ మీదే ఉండిపోయాయి. కాయ అయ్యేది ఆ మిగిలిన భాగమే.

మొత్తం చర్చకు ఈ చిన్న సంగతే కీలకం. జనం ఏరుకునే పువ్వు, చెట్టుకు పని తీరిపోయిన భాగం. దాన్ని ఎంత ఏరినా కాయ తగ్గదు, గింజ తగ్గదు. పూలు కోస్తే కాపు పోతుందన్న మామూలు సూత్రం ఇక్కడ వర్తించదు. ఇప్ప తగ్గిపోవడానికి పువ్వు ఏరడమే కారణమని చెప్పేవారు ఈ తేడాను గమనించడం లేదు.

పువ్వు రాలడం రెండు మూడు వారాల పాటు సాగుతుంది. పొద్దెక్కితే ఎండకు వాడుతుంది, పశువులు తింటాయి, కాబట్టి ఏరేవాళ్లు చీకటి ఉండగానే గంపలతో బయల్దేరతారు. ఆ వేళలో అడవిలో ఇప్పపువ్వు కోసం వచ్చే మరో జీవి ఎలుగుబంటి. ఈ సీజనులో ఎలుగు దాడులు జరగడానికి ఇద్దరూ ఒకే చెట్టు కిందికి ఒకే సమయానికి చేరడమే ప్రధాన కారణం.

తీపి, తేమ, పులియడం

పచ్చి ఇప్పపువ్వులో నూటికి డెబ్బై నుంచి ఎనభై పాళ్లు నీరే. మిగిలిన పదార్థంలో అత్యధిక భాగం చక్కెరలు. ఎండిన పువ్వు బరువులో సగానికి మించి తీపే ఉంటుంది. మూడు, నాలుగు కిలోల పచ్చి పువ్వు ఎండితే కిలో అవుతుంది. ఎండే క్రమంలో మీగడరంగు పోయి ఎండుద్రాక్షలా ఎర్రబారుతుంది.

అంత తీపి, అంత తేమ ఒకచోట ఉంటే ఈస్ట్ ఊరుకోదు. తడి ఆరని పువ్వును కుప్పగా పోస్తే ఒకటి రెండు రోజుల్లోనే పులుపు వాసన వేస్తుంది. సారా కాచేవాళ్లకు అదే వరం, తిండికి వాడుకునేవాళ్లకు అదే బెడద. అందువల్ల తినే పువ్వు నాణ్యత మొదటి రెండు రోజుల ఎండబెట్టడంలోనే తేలిపోతుంది. మట్టి నేల మీద రాలి, అక్కడే ఎండిన పువ్వుకు ఇసుక, బూడిద అంటుకుంటాయి. అది బట్టీకి పనికొస్తుంది గానీ లడ్డూకు పనికిరాదు. శుభ్రమైన పరదా మీద పలుచగా ఆరబోసి, కేసరాలు రాల్చేసి, గాలి చొరని డబ్బాల్లో నింపిన పువ్వు ఏడాది దాకా నిలవ ఉంటుంది.

వేయించి తినడం, జొన్నపిండితో కలిపి రొట్టెలు చేయడం, ఉడకబెట్టి పాకం తీయడం గూడేలకు కొత్త కాదు. కొత్త ధాన్యం ఇంకా దూరంగా ఉండి, పాతది అడుగంటే రోజుల్లో దాచుకున్న పువ్వే ఒక పూట ఆకలి తీర్చేది. ఈమధ్య ప్రచారంలో వినిపిస్తున్నట్టు దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పుకోవడం మాత్రం అతిశయమే. ఇప్పపువ్వు ప్రధానంగా శక్తినిచ్చే చక్కెరల మూట, మాంసకృత్తులు తక్కువ. నువ్వులు, పల్లీలు కలిపి చేసే లడ్డూలో పోషణ మెరుగుపడితే అందులో ఆ దినుసుల వాటా కూడా ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి బెల్లానికి చెప్పే జాగ్రత్తే దీనికీ వర్తిస్తుంది.

గింజలో నూనె, చెక్కలో విషం

పూత ముగిసిన రెండు మూడు నెలలకు, జూన్, జులై ప్రాంతంలో కాయలు పండి రాలతాయి. ఒక్కో కాయలో ఒకటి నుంచి నాలుగు గింజలు. గింజ పెంకు తీస్తే వచ్చే పలుకు బరువులో దాదాపు సగం నూనే. గది చల్లబడితే ఇది నెయ్యిలా పేరుకుంటుంది. వంటకు, దీపానికి, ఒంటికి రాసుకోవడానికి ఆదివాసీ ఇళ్లలో వాడుక ఉంది. బయటి బజారులో ఎక్కువ భాగం సబ్బుల తయారీకి పోతుంది. డీజిల్‌కు బదులుగా వాడే ప్రయోగాలు కూడా జరిగాయి. నిల్వలో గింజ పాతబడేకొద్దీ నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగి శుద్ధి ఖర్చు ఎక్కువ కావడం వాటికి ఒక అడ్డంకి.

నూనె తీశాక మిగిలే ఇప్ప చెక్కలో సాపోనిన్లుంటాయి. నీటిలో నురుగు తెస్తాయి కాబట్టి తలరుద్దుకోవడానికి పనికొచ్చింది, చేపలకు విషం కాబట్టి చెరువుల్లో పనికిరాని చేపలను తొలగించడానికి పనికొచ్చింది. పశువుల దాణాగా నేరుగా వాడకూడదు. పొలానికి ఎరువుగా వేయవచ్చు.

పువ్వుకూ గింజకూ ఉన్న తేడా ఇక్కడ మరోసారి గుర్తుచేసుకోవాలి. పువ్వు ఏరితే రేపటి చెట్టుకు లోటు లేదు. గింజ ఏరితే ఉంది. కింద పడిన గింజలన్నీ గానుగకు చేరితే మొలవడానికి మిగిలేది గబ్బిలాలు మోసుకెళ్లి దూరాన జారవిడిచినవే.

ఆబ్కారీ నీడ

ఇప్పకు సర్కారుతో వచ్చిన పేచీ పాతదే. బ్రిటిష్ పాలనలో మద్యం మీద పన్ను పెద్ద ఆదాయ మార్గం. ఇంటి దగ్గరే దొరికే పువ్వుతో ఎవరికి వారు సారా కాచుకుంటే ఆ ఆదాయానికి గండి పడుతుంది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1878 ఆబ్కారీ చట్టం తయారీని కట్టడి చేసింది. అది చాలక 1892లో ప్రత్యేకంగా మహువా చట్టమే తెచ్చి పువ్వును సేకరించి నిల్వ చేయడంపై ఆంక్షలు పెట్టారు. సారా నేరమైతే, దాని ముడిసరుకు కూడా అనుమానపు సరుకే అయింది.

ఆ ఆలోచన స్వాతంత్ర్యం తరువాత కూడా వివిధ రాష్ట్రాల ఎక్సైజు నిబంధనల్లో కొనసాగింది. దాని ఆర్థిక ఫలితం సులభంగానే అర్థమవుతుంది. ఇంట్లో నిల్వ ఉంచితే కేసు భయం, ఎండబెట్టి దాచే చోటు లేదు, చేతిలో డబ్బు లేదు. కాబట్టి ఏరిన కుటుంబం ఏప్రిల్‌లోనే, అందరి సరుకూ ఒకేసారి సంతకు వచ్చే రోజుల్లో, అడిగిన ధరకు అమ్మేస్తుంది. వానాకాలానికి ధర పెరిగే సరికి సరుకు వ్యాపారి గోదాములో ఉంటుంది. కొన్నిచోట్ల అదే కుటుంబం అదే పువ్వును ఎక్కువ ధరకు కొనుక్కోవాల్సి వస్తుంది.

తరువాతి చట్టాలు దిశ మార్చాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభలదేనని 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చెప్పింది. వాటిని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం మొదలైంది. ఎండు ఇప్పపువ్వుకు ఆ ధర 2020లో కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెరిగింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు చేస్తోంది. 2021లో మహారాష్ట్ర పువ్వు సేకరణ, నిల్వలపై ఉన్న ఆంక్షలను సడలించింది. ఈ మార్పులన్నీ పువ్వు అమ్మేవారికి మేలు చేసేవే. వీటిలో చెట్టు సంఖ్య గురించి పట్టించుకున్నది ఒక్కటీ లేదు.

మొలక మాయమయ్యే మూడు మలుపులు

రాలిన గింజ చెట్టయ్యే దాకా దారిలో మూడు చోట్ల ప్రమాదం ఉంది. మొదటిది గింజ ఏరివేత, పైన చెప్పుకున్నదే.

రెండోది నిప్పు. ఆకురాల్చే కాలం, పువ్వు రాలే కాలం దాదాపు ఒకటే. మోకాటిలోతు ఎండుటాకుల్లో చిన్న పువ్వు కనబడదు. అందుకని పూతకు ముందు ఆకులు ఊడ్చి అంటిస్తారు. నల్లబడ్డ నేల మీద మీగడరంగు పువ్వు దూరం నుంచే మెరుస్తుంది, పాములు, ముళ్ల బెడద కూడా తగ్గుతుంది. ఏరేవారి వైపు నుంచి చూస్తే ఇది పూర్తిగా సమంజసమైన పని. కానీ క్యాలెండర్‌ను పక్కన పెట్టుకుని చూడాలి. జూన్, జులైలో రాలిన గింజ ఆ వానలకే మొలుస్తుంది. మార్చి నాటికి అది జానెడు మొక్క. సరిగ్గా అప్పుడే నిప్పు వస్తుంది. పెద్ద చెట్టు బెరడు ఆ వేడిని తట్టుకుంటుంది, జానెడు మొక్క తట్టుకోలేదు. గాలికి నిప్పు అదుపు తప్పితే అది కార్చిచ్చై పక్కనున్న ఇతర జాతుల మొలకలనూ కాల్చేస్తుంది. తునికాకు కోసం కూడా కొన్ని ప్రాంతాల్లో ఇదే కాలంలో నిప్పు పెడతారు. అయితే తునికి వేళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి అంతగా నష్టపోదు. గింజ మీదే ఎక్కువగా ఆధారపడే ఇప్ప పరిస్థితి వేరు.

మూడోది మేత, దుక్కి. పొలంలో వదిలేసిన చెట్టు కింద ఏటా నాగలి తిరుగుతుంది. అడవి అంచున పశువులు, మేకలు మేస్తాయి.

ఈ మూడూ ఏటా జరుగుతున్నా లోటు కనబడకపోవడానికి కారణం చెట్టు ఆయుష్షు. ఇప్ప దశాబ్దాల పాటు పూస్తుంది. పిల్లలే పుట్టని ఊరు కూడా పెద్దలు బతికున్నంత కాలం నిండుగానే కనిపించినట్టు, మొలకలు ఆగిపోయిన యాభై ఏళ్ల తరువాత కూడా పువ్వు దిగుబడి దాదాపు మామూలుగానే ఉండవచ్చు. తరువాత పిడుగుకు, గాలికి, బదనిక పట్టి ఎండి చెట్లు ఒక్కొక్కటిగా పడిపోయేటప్పుడు వాటి చోటును నింపేవి ఉండవు.

సాగు ఎందుకు కష్టం

టేకుతో పోల్చి చూస్తే ఇబ్బంది తేటపడుతుంది. టేకు గింజ గట్టి పెంకులో ఉండి నెలల తరబడి, అంతకు మించి కూడా నిలవ ఉంటుంది. నర్సరీవాళ్లు తీరిక ఉన్నప్పుడు నారు పోసుకోవచ్చు. నూనె, తేమ నిండిన ఇప్ప గింజ ఎండితే చచ్చిపోతుంది, ఎండకపోతే బూజు పడుతుంది. రాలిన కొద్ది రోజుల్లోనే విత్తాలి. వారాలు గడిచే కొద్దీ మొలకశాతం పడిపోతుంది. మామూలుగా నర్సరీలు చలికాలంలో సంచులు నింపి, వేసవిలో నారు పెంచి, తొలకరికి మొక్కలు పంపిణీ చేస్తాయి. ఇప్ప గింజ చేతికొచ్చేదే తొలకరికి. అంటే ఆ మొక్కను మరో ఏడాది పాటు సంచిలోనే సాకాలి. ఈలోగా తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోకుండా చోటు మారుస్తుండాలి. లెక్కకు ఎక్కువ మొక్కలు చూపించాల్సిన నర్సరీకి ఇది గిట్టుబాటు కాని జాతి.

నాటడం తేలికే. ఏడాది నిండిన మొక్కను వానాకాలంలో పది మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 100, ఎనిమిది మీటర్ల ఎడంతో నాటితే 156 పడతాయి. మొదటి రెండు వేసవుల్లో నీరు, నాలుగైదేళ్ల పాటు పశువుల నుంచి కంచె అవసరం. గింజ మొక్క పూతకు రావడానికి పదేళ్లు అటూ ఇటూ పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. పైగా గింజ మొక్కల్లో తల్లి గుణం అలాగే వస్తుందన్న నమ్మకం లేదు, ఒక ఏడాది విరగబూసిన చెట్టు మరుసటి ఏడాది పలుచగా పూయడం కూడా మామూలే.

దీనికి అంటు మార్గం ఉంది. గుజరాత్‌లోని గోధ్రా దగ్గర కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం మంచి చెట్లను ఎంపిక చేసి, లేత కాండంపై అంటుకట్టే పద్ధతిని ఇప్పకు కుదిర్చింది. అక్కడి నుంచి 'థార్ మధు' అనే రకం విడుదలైంది. అంటుమొక్క నాలుగైదేళ్లకే పూతకు వస్తుంది, కొమ్మలు కూడా తక్కువ ఎత్తులో విస్తరిస్తాయి. తక్కువ ఎత్తు చెట్టు కింద, రాలే పువ్వును పట్టే వల కట్టడం సులభం.

అయినా రైతు లెక్క వేరుగా ఉంటుంది. ఆకురాలేది వేసవిలో కాబట్టి ఖరీఫ్ పంట మీద ఇప్ప నీడ నిండుగానే పడుతుంది. కాబట్టి చేను మధ్యలో కంటే గట్టు మీద, బీడు మీద నాటుకోవడమే లాభం. అటవీ హక్కుల పట్టా ఉన్న కుటుంబానికి గట్టు మీది చెట్టు తనదన్న భరోసా ఉంటుంది. అడవిలో నాటే మొక్కకు ఆ భరోసా లేదు. నిన్నటి ఇప్ప ఎవరిదో ఊరికి తెలుసు, రేపటి ఇప్ప ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

వల కడితే ఏం మారుతుంది

కొత్త గిరాకీ వల్ల రెండు రకాల ఫలితాలు రావచ్చు. ధర పెరిగి పద్ధతి మారకపోతే మరింత విస్తీర్ణంలో నిప్పు పడుతుంది, మొలక మరింత తగ్గుతుంది. తినే పువ్వుకు, బట్టీ పువ్వుకు వేర్వేరు ధర పలికితే మాత్రం పరిస్థితి తిరగబడే వీలుంది. ఎందుకంటే తినే పువ్వుకు బూడిద, మట్టి తగలకూడదు. ఛత్తీస్‌గఢ్‌లో ఎగుమతి పువ్వు కోసం చెట్టు కింద నేలకు ఎడంగా వలలు కట్టి పడుతున్నారు. వల మీద పడే పువ్వుకు కింద ఆకులున్నా ఇబ్బంది లేదు, కాబట్టి నిప్పు పెట్టాల్సిన పనే ఉండదు. ఏరే శ్రమా తగ్గుతుంది, ఎలుగు ఎదురయ్యే చీకటివేళ అడవిలో గడపాల్సిన సమయమూ తగ్గుతుంది. పరిశుభ్రత కోసం వచ్చిన నిబంధన అడవికి మేలు చేసే అరుదైన సందర్భమిది.

అయితే వలకు పెట్టుబడి కావాలి. ఒక కుటుంబానికి పది చెట్లుంటే పది వలలు, ఏడాదికి మూడు వారాల వాడకానికి. సంఘం కొని అద్దెకిచ్చే చోట్ల తప్ప ఒంటరి కుటుంబం ఆ ఖర్చు పెట్టుకోదు. కొనుగోలుదారు కూడా నాణ్యతను బట్టి ధర కట్టాలి. నల్లటి పువ్వుకూ శుభ్రమైన పువ్వుకూ ఒకే తూకం, ఒకే ధర అయితే వల విప్పేసి అగ్గిపెట్టె తీయడమే లాభసాటి అవుతుంది. గింజ విషయంలో ఇలాంటి సులువైన దారి కూడా లేదు. ఊరికి పది చెట్ల కింద కాయలను ఏరకుండా వదిలి, మొలిచిన చోట ముళ్లకంప చుట్టి, ఐదు మార్చి నెలల పాటు నిప్పును దూరంగా ఉంచాలి. ఈ పనికి మద్దతు ధర పట్టికలో గడి లేదు. మొక్కల పెంపకం పథకాల్లోనూ ఇది లెక్కకు రాదు, ఎందుకంటే ఇక్కడ కొత్తగా నాటేదేమీ ఉండదు, మొలిచినదాన్ని కాపాడడమే ఉంటుంది.